ఏ పని ముందు

తవ్వుతున్న బావి కూలిపోయి బుచ్చిరాములు దాని అడుగున పడి చచ్చినా సమితి ప్రెసిడెంటు నర్సింగరావు దొర బాట పని ఆపనివ్వలేదు. "ఇద్దరు పోయి పీనుగును తీయుండ్రి. మిగిలినోళ్లు మొరం ఎత్తుండ్రి. వచ్చే నెల మంత్రి జీపు రావాలె" అన్నాడు. బాట మీద పరిచే మొరం మట్టి మోస్తూ ఆ మాట విన్నది శంకరవ్వ. చచ్చినవాడు ఆమె పెనిమిటి.

దిక్కుమాలిన పథకం కాకపోతే ఏమిటి చెప్పండి? మెట్‌పల్లి అవతలి ఆ ఊరికి సర్కారు మూడు పనులిచ్చింది. మాదిగవాడకు మంచినీళ్ల బావి, తెగిన కుంటకట్టకు మరమ్మతు, ఒక బాట. మూడూ ఒక్కసారే మొదలుపెట్టారు. లోపల రాతికట్టు కట్టకముందే బావి వాళ్లలో ఎక్కువమందిని కుంటకట్టకు తోలారు. కట్ట మీదివాళ్లను దొర ఉండే గడీకి పోయే బాటకు తోలారు. వెట్టి పోయి పదేళ్లయిందట! శ్రమదానమంటే మనకోసమేనని నమ్మి, దొర పిలిచిన చోటికల్లా ఊరు పార పట్టుకుని పోయింది. తప్పు అక్కడే జరిగింది.

దినాలు అయిన సాయంత్రం వాడంతా శంకరవ్వ వాకిట్లో కూర్చుంది. బీడీ సంఘంలో తిరిగిన సిద్దిరాములు లేచాడు.

"ఇగ దొర చెప్పినట్టు చెయ్యద్దు. ఏ పని ముందో మనమే అనుకుందాం. ఒకటి ఒడిసినంకనే ఇంకోటి. వారానికోపాలి కూసుందాం, తప్పయితే మార్సుకుందాం."

"దొర ఊకుంటడా?" అంది పక్కింటి ఐలవ్వ.

"ఊకోడు. అందరం ఒక్కతాన ఉంటె ఎంతమందిని కొడుతడు?"

"బావే ముందు," అంది శంకరవ్వ. "నా మొగని పానం పోయింది అండ్ల."

 తెల్లారి బాట మీద ఒక్క మనిషి లేడు. అందరూ బావిలో రాళ్లు పేర్చారు.

వారం తిరగకముందే మబ్బు పట్టింది. ఆ యేడు వాన తొందరగా దిగింది. కుంటకట్ట గండి పూడకపోతే కుంటలో నీళ్లు నిలవవు, వాడలో ఎవరికీ గింజ ఉండదు. బావి ఇంకా సగమే లేచింది. సిద్దిరాములు శంకరవ్వ ముఖం చూశాడు.  ఆమె కొంగు నడుముకు చుట్టింది.

"నన్నేం జూస్తున్నవు? సచ్చినోడు లేసొస్తడా? పోరగాండ్లు బతకాలె. గండికి నడువుండ్రి."

వానలో మట్టి పోస్తుంటే పోలీసులను వెంటేసుకుని దొర దిగాడు.

"సర్కారు బాట పని చెడగొడుతున్నరు. ముందు గా ముండను పట్టుండ్రి," అని శంకరవ్వను చూపించాడు.

లాఠీలు లేచాయి. సిద్దిరాములు తల పగిలింది. శంకరవ్వ చేతులు విరిచి వ్యాను వైపు ఈడ్చుకుపోయారు. ఆడవాళ్లు అడ్డం ఉరికారు.

"నా ఎంట రాకుండ్రి," అని అరిచిందామె. "నీళ్లొస్తున్నయి. గండి ఇడువకుండ్రి."

పోలీసు జమేదారు తుపాకీ ఎత్తి కట్ట దిగమన్నాడు. ఐలవ్వ అతని ఎదుటే తట్టెడు మట్టి గండిలో కుమ్మరించింది.

"కాలుస్తే కాల్చు. మా పని ఒడవలే."

ఆమె వెనక వాడంతా తట్టలెత్తుకుని గండిలోకి దిగింది.