తేడా లేని సంతకం

సినిమా తారల సంతకాలు కొని అమ్మడం నా వ్యాపారం. దొంగ సంతకాన్ని గుమ్మంలోనే పసిగడతానని నా ధీమా. దాన్ని మా ఆవిడ తలబిరుసు అంటుంది, నేను అనుభవం అంటాను.

ఆ రోజు ఒక పెద్దమనిషి పాతతరం కథానాయిక ఫోటో తెచ్చాడు. కింద నీలి సిరాతో ఆమె సంతకం. భూతద్దం పెట్టి, మా షాపు కిటికీలో ఏళ్లుగా వేలాడుతున్న ఆమె అసలు సంతకంతో పోల్చి చూశాను. అదే వంపు, చివర అదే తోక. వెంట్రుకవాసి తేడా లేదు.

"అసలుదే, తీసుకుంటాను," అన్నాను ఠీవిగా.

"ఆగు నాన్నా," అంది నా దగ్గరే పని నేర్చుకుంటున్న మా అమ్మాయి.

నాకు ఒళ్లు మండింది. బేరం మధ్యలో తల దూరుస్తుందా!

నా చూపు లెక్కచేయకుండా అది మా కిటికీలోని సంతకం మీద పల్చటి కాగితం పెట్టి దిద్దింది. ఆ కాగితాన్ని ఆయన ఫోటో మీద పరిచింది. గీతకు గీత అతికినట్టు సరిపోయింది.

"చూశావా? ఎవరూ రెండుసార్లు అచ్చం ఒకేలా సంతకం పెట్టలేరు. ఇది మన కిటికీలోది చూసి దించిందే. నువ్వు పోలికలే వెతికావు నాన్నా. అసలుదైతే కాస్తయినా తేడా ఉండి తీరాలి."

పెద్దమనిషి మొహం మాడిపోయింది. ఫోటోను సంచిలో కుక్కుకుంటూ, "ఇంతకీ ఈ షాపులో పని తెలిసింది ఎవరికండీ? మీకా, ఆవిడకా?" అని రుసరుసలాడాడు.

నేను మీసం దువ్వుకున్నాను.

"ఆవిడకే. నేను ఆవిడ నాన్నని!"