మళ్ళీ మైకు ముందు

అవనిగడ్డ గ్రౌండులో ఏ పోటీ జరిగినా మైకు కాంతారావుదే. బండలాగుడైనా, వాలీబాలైనా ఆయన గొంతు వినపడితే చాలు, రోడ్డున పోయేవాళ్ళు కూడా సైకిలు ఆపి లోపలికొచ్చేవాళ్ళు. రెండువేల రెండులో ఆయనకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ చాలావరకు కుదుటపడ్డాయి గానీ మాట మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. సగం అక్షరాలు నోట్లోనే చిక్కుకుపోయేవి. ఇంటికెవరైనా వస్తే పెరట్లో గేదెల దగ్గరికి తప్పుకునేవాడు. భార్య సరళతో తప్ప ఎవరితోనూ నోరు విప్పడం మానేశాడు.

మరుసటి ఏడు గ్రౌండులో పశువుల ప్రదర్శన పెట్టారు. పాలపోటీకి సరళ తమ ముర్రా గేదె పేరిచ్చింది.

"నే...ను రాను," అన్నాడు కాంతారావు.

"పలుపు పట్టుకోడానికి ఇంకెవరున్నారండీ? మిమ్మల్నెవరూ మాట్లాడమనర్లెండి."

తలమీదికి తువ్వాలు లాక్కుని వెళ్ళాడు. తెలిసినవాళ్ళు పలకరిస్తే తలూపి ఊరుకున్నాడు.

మైకులో దుర్గాశ్రీనివాస్. ఒకప్పుడు కాంతారావు పక్కన నిలబడి ఆ పని నేర్చుకున్నవాడే. పోటీ మొదలయ్యాక హుషారుగా అరుస్తున్నాడు, మధ్యలో సినిమా పాటలు వేస్తున్నాడు. గేదెలు బెదిరి కట్టుకొయ్య చుట్టూ తిరుగుతున్నాయి. సరళ దూడని వదిలింది, పొదుగు కడిగి నిమిరింది. అయినా గేదె చేపలేదు, చుక్క పాలు దిగలేదు. పక్కనున్న జ్ఞానమ్మ గేదె బకెట్టునే తన్నేసింది.

"మైకు ఆపండయ్యా!" అని సరళ అరిచింది. ఆ హోరులో ఎవరికీ వినపడలేదు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కాంతారావు పలుపు ఆవిడ చేతికిచ్చి, కాలీడ్చుకుంటూ స్టేజీ దగ్గరికి వెళ్ళాడు.

"రండి మావయ్యా! ఎలా ఉన్నారు?" అన్నాడు దుర్గాశ్రీనివాస్.

"ఆ...పు."

"ఏంటి మావయ్యా? వినపడట్లేదు."

కాంతారావు ఒకసారి జనం వంక చూశాడు. చెయ్యి చాపి మైకు తీసుకున్నాడు.

"పా...ట ఆపండి. గే...గేదెలు... బెదు...రుతున్నాయి. కా...సేపు... ఎవరూ... మాట్లాడకండి."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. "నోర్ముయ్! కాంతారావుగారు," అని పక్కవాడు కసిరాడు. పాట ఆగింది. గ్రౌండంతా నిశ్శబ్దమైపోయింది. కాసేపటికి జ్ఞానమ్మ బకెట్లో పాలధార చప్పుడు మొదలైంది. ఆ తర్వాత సరళ బకెట్లో.

మొదటి బహుమతి జ్ఞానమ్మ గేదెకే వచ్చింది. సరళ గేదెకి ఏదీ రాలేదు.

"పేర్లు మీరే చదవండి మావయ్యా," అంటూ దుర్గాశ్రీనివాస్ మైకు అందించాడు. కాంతారావు వద్దని తలూపాడు. దుర్గాశ్రీనివాస్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరికి కాంతారావు పుచ్చుకున్నాడు.

"జ్ఞా..." దగ్గర నాలుక ఆగిపోయింది. మళ్ళీ అక్కడే ఆగింది.

కింద నిలబడ్డ జ్ఞానమ్మ నవ్వింది. "నిదానంగానే చెప్పండి బాబుగారూ. నా పేరు మైకులో రావడం ఇదే మొదలు. నాకేం తొందర లేదు."

జనం నవ్వారు, కాంతారావు కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే పేరు పూర్తిగా బయటికొచ్చింది.

గేదెని ట్రాలీ ఆటో ఎక్కించి ఇంటికి బయల్దేరారు. తమ గేదెకి బహుమతి ఎందుకు రాలేదో కాంతారావు ఆటో డ్రైవరుకి దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. అర్థం కానప్పుడల్లా డ్రైవరు "ఏంటండీ?" అని అడిగాడు. ఆయన విసుక్కోకుండా మళ్ళీ చెప్పాడు. సరళ గేదె మెడ నిమురుతూ వింటూ కూర్చుంది.