గిన్నె దించేదాకా

ఆ ఇంట్లో యాపిల్ జామ్ పొయ్యెక్కిందంటే ఇక గిన్నె దించేదాకా ఎవరూ గడప దాటకూడదు. అది అమ్మమ్మ పెట్టిన చట్టం. పెరట్లో చెట్టు ఆకులు రాల్చడం మొదలుపెట్టి, కాయలు దబ్బుదబ్బున కింద పడే రోజుల్లో, స్టవ్ వెలిగించేముందు ఇంట్లో అందరి హాజరూ తీసుకునేవాళ్ళు. పాలు తెచ్చారా, చెత్త బయట పెట్టారా, దర్జీ పని చేసే అల్లుడి దగ్గర కుట్టడానికిచ్చిన బట్టలు ఎవరైనా పట్టుకెళ్ళాల్సి ఉందా, అన్నీ చూసుకున్నాకే అగ్గిపుల్ల గీసేవాళ్ళు.

ఒక ఏడు కరెంటు మీటరు చూసే ఆయన పొయ్యి వెలిగాక తలుపు తట్టాడు. అమ్మమ్మ ఆయన్ని లోపలికి రానిచ్చింది గాని బయటికి పోనివ్వలేదు. పాపం, ఆయన తొక్కలు తీసి, గరిట తిప్పి, పిల్లలతో వైకుంఠపాళీ ఆడి ఓడిపోయి, ఆఖరికి ఒక సీసా చంకలో పెట్టుకుని బయటపడ్డాడు. అప్పట్నుంచి ఏటా సరిగ్గా జామ్ రోజునే ఆయనకు ఆ ఇంటి మీటరు గుర్తొచ్చేది.

పిల్లలకు అదంతా ఆట. అమ్మమ్మకు మాత్రం కాదు. తన కూతురు ఒళ్ళో పిల్లగా ఉన్న రోజుల్లో, ఇలాగే జామ్ ఉడుకుతుండగా, భర్త చెప్పుల్లో కాళ్ళు దూర్చి, గిన్నె దించేలోపు వచ్చేస్తానని చెప్పి వీధిలోకి వెళ్ళాడు. గిన్నె దిగింది. ఆయన రాలేదు. రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది. ఈ సంగతి కూతురికి తెలుసు, అందుకే ఆ చట్టానికి ఏనాడూ ఎదురు చెప్పలేదు. పెద్ద మనవరాలికి ఈమధ్యే వాళ్ళమ్మ చెప్పింది. చిన్న మనవరాలు బుడంకాయకు ఇంకా తెలియదు.

ఈసారి జామ్ రోజూ, పెద్దమ్మాయి ప్రయాణం రోజూ ఒక్కటే అయ్యాయి. ఆమెకు వేరే ఊళ్ళో నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. మధ్యాహ్నం బస్సు తప్పితే ఆ రోజుకు ఇంకో బస్సు లేదు. పొద్దున్నే మొదలెడితే పదింటికల్లా సీసాల్లోకి ఎక్కించెయ్యొచ్చు, పిల్ల చేతికి వేడివేడి సీసా ఇచ్చి పంపొచ్చు అని అమ్మమ్మే అంది. కూతురు సరేనంది.

అలాగే తెల్లవారకముందే తొక్కల పని మొదలైంది. అమ్మమ్మ కత్తికి ఒక్కో కాయ తొక్కా తెగకుండా దండలా ఊడి వచ్చేది. బుడంకాయ వాటిని చెవులకు తగిలించుకుని ఇల్లంతా ఊరేగింది. ముందు గదిలో అల్లుడు మిషను మీద పెద్దమ్మాయి సంచికి పట్టీ కుడుతున్నాడు. కుడతాడు, లాగి చూస్తాడు, గట్టిగా లేదంటూ మళ్ళీ విప్పుతాడు. ఆ పట్టీకి ఏనుగును కట్టినా ఊడదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ముక్కలు మెత్తబడి, పంచదార కరిగి, దాల్చినచెక్క వాసన వీధి దాకా పాకింది. గిన్నెలో బుడగలు బరువుగా పగలడం మొదలైంది. అమ్మమ్మ గడియారం చూసింది. ఇంత తొందరగానా? సీసాల మూతలు బిగిస్తే ఇక పిల్ల వెళ్ళిపోవడమే. వంటింట్లో ఇంకెవరూ లేరు. చేతిలో గ్లాసుడు నీళ్ళున్నాయి. ఒక్క గ్లాసే కదా, కాసేపట్లో ఇగిరిపోతాయి, ఈలోగా పిల్ల ఇంకాసేపు కళ్ళముందుంటుంది అని తనకు తానే సర్దిచెప్పుకుని వంపేసింది.

తర్వాత కూతురు వచ్చి, పళ్ళెం మీద ఒక చుక్క వేసి వంచి చూసింది. చుక్క నిలబడితే జామ్ అయినట్టు. ఆ చుక్క జర్రున అంచు దాకా జారిపోయింది. కూతురు మూతి ముడిచింది. కాసేపాగి మళ్ళీ చూసింది, ఈసారి ఇంకా వేగంగా జారింది. అమ్మమ్మకు ఆశ్చర్యం వేసింది. తను పోసింది ఒక్క గ్లాసే. అది ఇంతసేపు ఇగరకుండా ఎలా ఉంది?

కూతురు యాపిళ్ళను తిట్టడం మొదలుపెట్టింది. ఈ ఏడు చెట్టుకు పొగరెక్కిందనీ, కాయలు కావు నీళ్ళ తిత్తులనీ, వచ్చే ఏడు నరికించేస్తాననీ అంది. గడియారం చూసినకొద్దీ తిట్లు పెరిగాయి.

పదకొండు దాటింది. పెద్దమ్మాయి బూట్లు వేసుకుని, సంచి పక్కన పెట్టుకుని, గడపకు లోపలివైపు పీట మీద కూర్చుంది. బస్సు ఎక్కాలంటే ఇక బయల్దేరాలి. అల్లుడు అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఎంతవరకొచ్చిందో చూద్దామని ఆమే లేచి వంటింట్లోకి వచ్చి గరిట నాకింది. ఆమె ముఖం అదోలా అయింది.

"నాన్నా, ఇందులో గంజి వాసనేంటి?"

అల్లుడు గోడకేసి చూశాడు. ఇస్త్రీ చేసేటప్పుడు బట్టల మీద చిలకరించడానికి ఆయన మిషను పక్కన ఒక గంజి చెంబు పెట్టుకుంటాడు.

"కొంచెం నీళ్ళే పోశాను," అన్నాడు. "ముందు ఆ చెంబు కడుక్కోవాల్సింది."

బుడంకాయ చెవులకున్న తొక్కలు ఊపుకుంటూ, తను తన స్కూలు సీసాలో నీళ్ళన్నీ పోశాననీ, నాన్న పోయడం చూశాకే పోశాననీ, అందుకని తప్పు నాన్నదేననీ తేల్చింది. అమ్మమ్మ తన గ్లాసు సంగతి చెప్పింది, ఎవరి ముఖమూ చూడకుండా. ఇక కూతురు మాత్రమే మిగిలింది. అందరూ ఆమె వైపు తిరిగారు.

"నేనా? పొద్దున్నుంచీ గరిట తిప్పి చేతులు పడిపోతుంటే!" అని గట్టిగానే మొదలుపెట్టి, అంతలోనే కొంగుతో ముఖం తుడుచుకుంది. "రెండు గ్లాసులు."

పెద్దమ్మాయి ఒక్కసారిగా నవ్వేసింది. అందరూ నవ్వారు. చివరికి నిందలు మోసిన చెట్టుకు కూతురు కిటికీలోంచి క్షమాపణ కూడా చెప్పింది. కానీ నవ్వు తగ్గేసరికి ఆ పిల్ల మళ్ళీ వెళ్ళి పీట మీద కూర్చుంది.

"లేవే, బస్సుకు టైమైంది," అన్నాడు తండ్రి.

"గిన్నె దిగలేదుగా," అంది పిల్ల.

మాట మామూలుగానే అంది. కానీ తన వైపు చూసిన ఆ చూపుతో, తాత సంగతి పిల్లకు తెలుసని అమ్మమ్మకు అర్థమైంది. ఇది బస్సు వదులుకుంటుంది, సీటు వదులుకుంటుంది, తన మాట కోసం ఇలా లోపలే కూర్చుంటుంది. ఇన్నేళ్ళూ ఎవరికీ ఏమీ కాకూడదని పెట్టుకున్న చట్టం అది. ఇవాళ అదే పిల్ల కాళ్ళకు అడ్డం పడింది.

అమ్మమ్మ స్టవ్ ఆపేసింది. నీకెందుకమ్మా అంత బరువు అని కూతురు అంటూనే ఉంది, ఆవిడ గుడ్డతో రెండు వైపులా పట్టుకుని గిన్నెను గట్టు మీదికి దించేసింది.

"దించాను. ఇక లే."

"ఇంకా అవలేదు కదా అమ్మమ్మా."

"చట్టంలో గిన్నె దిగాలనే ఉంది. జామ్ అవ్వాలని ఎక్కడా లేదు. చట్టం పెట్టినదాన్ని, నాకు తెలియదా?"

ఆ పల్చటి పాకాన్ని గబగబా గ్లాసుల్లో పోసుకుని, ఊదుకుంటూ, నాలుకలు కాల్చుకుంటూ అందరూ తాగారు. గంజి వాసన ఉన్నా బాగానే ఉంది. ఇంకొంత ఫ్లాస్కులో పోసి పిల్ల సంచిలో పెట్టారు. ఇంటికి తాళం వేసి అందరూ బస్సు దాకా వెళ్ళారు. ఏ ఇంట్లోంచీ ఎవరూ ఎన్నడూ ఊరెళ్ళనట్టు, అమ్మమ్మ బస్సు కిటికీ పక్కన నిలబడి పిల్లకు చెప్పిన జాగ్రత్తలే మళ్ళీ మళ్ళీ చెప్పింది. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. పిల్ల చెయ్యి బయటపెట్టి ఊపింది, అమ్మమ్మ ముందు ఆ చెయ్యి లోపల పెట్టమంది.

ఇంటికొచ్చాక కూతురు గిన్నెలో అడుగున మిగిలినదాన్ని మళ్ళీ పొయ్యెక్కించబోయింది. అమ్మమ్మ ఆపింది. చేరానని ఫోను వచ్చేదాకా పొయ్యి వెలగకూడదట. ఇది కొత్త చట్టం. ఆ సాయంత్రం మీటరాయన వచ్చి, చల్లారిన గిన్నెను చూసి దిగాలుగా అరుగు మీద కూలబడ్డాడు.

దీపాలు పెట్టే వేళకు ఫోను మోగింది. హాస్టల్లో కిటికీ పక్కన మంచం దొరికిందట, ఫ్లాస్కులోది పక్క మంచం అమ్మాయికి తెగ నచ్చిందట, ఏం వేశారని అడుగుతోందట. గంజి అని చెప్పమంది అమ్మమ్మ.

అప్పుడామె అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది. బుడంకాయ ఫోనును స్టవ్ పక్కన నిలబెట్టి, గొంతు సవరించుకుని హాజరు తీసుకుంది. అమ్మ హాజరు, నాన్న హాజరు, అమ్మమ్మ హాజరు. అరుగు మీంచి మీటరాయన పిలవకముందే హాజరన్నాడు.

"అక్కా?"

"హాజర్," అంది ఫోను.

అమ్మమ్మ పుల్ల గీసింది.