నిఖత్‌కు చెప్పని రోగం

మెదక్‌ల పెండ్లి జాకెట్ల మీద మగ్గం పని అంటే అందరూ నిఖత్ పేరే చెప్పేటోళ్లు. రంజాన్ అయిపోయిన వారానికి, సూది పట్టుకొని ఉండంగనే ఆమె కుడిచెయ్యి కొట్టుకున్నది, నోట్లెకెళ్లి నురగ వచ్చింది. భర్త హమీద్ తన మిక్సీలు బాగుచేసే దుకాణం నుంచి ఉరికొచ్చి, ఆమెను ఆటోల దవాఖానకు తీసుకపోయిండు.

డాక్టర్ కరుణాకర్ స్కానింగ్ తీయించి, హమీద్‌ను ఒక్కణ్నే లోపలికి పిలిచిండు. మెదడుల పురుగు తిత్తి కట్టిందని, అది పందుల నుంచి వచ్చే బద్దెపురుగని చెప్పిండు.

"మా ఇంట్ల దాని పేరు గూడ తియ్యం సార్," అన్నడు హమీద్.

"తిననోళ్లకు గూడ వస్తది. కడుపుల గా పురుగున్నోళ్లు బయట దొడ్డికి పోతే దాని గుడ్లు మురికినీళ్లల్ల కలుస్తయి. గా నీళ్లతోని పెంచిన కొత్తిమీర సరిగ కడగక తిన్నా చాలు. మీ తప్పేం లేదు. పురుగు చచ్చే గోలీలు కొన్నిరోజులే. ఫిట్స్ గోలీలు మాత్రం నేను చెప్పేదాక ఒక్కపూట గూడ ఆపొద్దు. ఆపితే పానం మీదికొస్తది."

హమీద్‌కు అంతా సమజైంది. కానీ ఐదు పూటల నమాజు తప్పని తల్లి ఖమర్ జహాన్ ముందట ఆ జంతువు పేరెట్ల తియ్యాలె? నరాల బలహీనత అని చెప్పిండు. నిఖత్‌కు గూడ అదే చెప్పిండు. స్కానింగ్ కాయితాలు దుకాణంల దాచిండు.

నాలుగు నెలలు ఫిట్స్ రాలేదు. కానీ గోలీలకు ఆమెకు ఒక్కతీరుగ నిద్ర వచ్చేది. పూసల వరుసలు వంకర పోతుండె. ఇద్దరు ఆడోళ్లు తమ జాకెట్లు వాపస్ తీసుకపోయిండ్రు. బలహీనతకు ఇంకెన్ని రోజులు మింగాలని ఆమె అడిగింది. "ఇంకొన్ని రోజులు," అని హమీద్ లేచి దుకాణానికి పోయిండు. ఆ తర్వాత ఆమె అడగలేదు.

ఒకరోజు పొద్దున ఖమర్ జహాన్ రేషన్ బియ్యానికి పోయింది. తిరిగొచ్చేసరికి బట్టలు ఉతుకుతున్న నిఖత్ నీళ్ల టబ్బుల మొఖం పెట్టి పడి ఉన్నది. నల్లా ఇంకా పారుతనే ఉన్నది. అత్త ఆమెను పైకి లేపేటప్పటికే శ్వాస లేదు.

మూడో రోజు సమాధి కాడ జియారత్ దువా అయినంక కోడలి సామాన్లు సదురుతుంటే, పూసల డబ్బాల మింగని గోలీలు దొరికినయి. ఖమర్ జహాన్ వాటిని దోసిట్ల పట్టుకొచ్చి కొడుకును అడిగింది. హమీద్ దుకాణానికి పోయి కాయితాలు తెచ్చిండు. జంతువు పేరుతో సహా అంతా చెప్పిండు.

ఆమె గోలీలను ఆ కాయితాల మీద పెట్టింది.

"గిదేనా బేటా నువ్వు దాచింది?" అన్నది. "నాకు చెప్తే నా చేతులతోని మింగిపిద్దును గద."

మళ్లా ఆ మాట ఎత్తలేదు. అన్నం మాత్రం పెట్టేది, ఎదురుంగ కూసునేది కాదు.

నలభయ్యో రోజు ఫాతిహా చదివిచ్చేటందుకు వచ్చిన సుట్టాలు ఏం రోగమని అడిగిండ్రు. హమీద్ పేరు పెట్టి చెప్పిండు. కొందరు తల దించుకున్నరు. అల్లాదుర్గ్ నుంచి వచ్చిన ఒక పెద్దామె అతన్ని అరుగు మీదికి పిలిచి, తన కోడలు ఉమ్మె హానీకి గూడ గిట్లనే చెయ్యి కొట్టుకుంటదని, ఊర్ల తాయెత్తు కట్టిచ్చినమని మెల్లగ చెప్పింది.

మర్నాడు హమీద్ ఉమ్మె హానీని, ఆమె భర్తను డాక్టర్ కరుణాకర్ దగ్గరికి తీసుకపోయిండు. స్కానింగ్ల అదే తిత్తి కనవడ్డది. డాక్టర్ ఎప్పటిలెక్క భర్తను ఒక్కణ్నే లోపలికి రమ్మన్నడు.

"ఆమెకే చెప్పుండ్రి సార్," అన్నడు హమీద్. బయటికొచ్చి గోడకు ఆనుకొని నిలవడ్డడు.