మెట్ల కింద చాప

కింది ఇంట్లో చెమ్మ తుడవడంతో నాకు తెల్లవారుతుంది. అందరూ ఇంట్లో దుమ్ము తుడుస్తారు, నేను నీళ్ళు తుడుస్తాను. కొత్త కోడలిగా ఈ ఇంటికి వచ్చినప్పుడు వీధిలోంచి మెట్లెక్కి లోపలికి వచ్చాను. ఆ తర్వాత కొవ్వూరులో మా వీధికి రోడ్డు వేసినప్పుడల్లా పాతదాన్ని తవ్వకుండా దాని మీదే ఇంకో పొర పోస్తూ పోయారు. రోడ్డు పెరిగింది. ఇల్లు ఉన్నచోటే ఉంది. ఇప్పుడు వీధిలోంచి మెట్లు దిగి లోపలికి రావాలి. గోదావరికి వరదొస్తే గచ్చు లోంచి ఊట ఊరుతుంది. మావారు సురేష్‌బాబు దీనికి సెల్లారని పేరు పెట్టి నవ్వుతారు. ఆయనా, మా అత్తగారు మాణిక్యాంబగారూ పైన చెరో గదిలో ఉంటారు. వంటిల్లు సెల్లారులో ఉంది. కాబట్టి నేనూ సెల్లారులోనే ఉంటాను.

పడక కూడా కిందికి ఎలా మారిందో చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. గర్భసంచి తీయించుకుని ఇంటికొచ్చిన కొత్తలో, "నీ మూలుగుతో నాకు నిద్ర పట్టడంలేదే. కుట్లు మానేదాకా కింద పడుకో. నీకూ మెట్లెక్కే బాధ తప్పుతుంది" అన్నారు మావారు. అందులో నా మీద జాలి కూడా ఉందనుకున్నాను. పైకెళ్ళే మెట్ల కింద కాస్త పొడిగా ఉంటే అక్కడ చాప వేసుకున్నాను. కుట్లు మానాయి. పైకి రమ్మని ఎవరూ అనలేదు. వస్తానని నేనూ అనలేకపోయాను. మొగుడి గదిలోకి వస్తానని ఆడది తనంతట తాను అడిగితే దానికి వేరే అర్థాలు తీస్తారు కదా. మంచం మీద నేను పడుకునే వైపు ఇస్త్రీ బట్టల దొంతర చేరింది. వాటిని బీరువాలో సర్దడానికి మాత్రం రోజూ పైకి వెళతాను. చుట్టాలొస్తే చాప చుట్టి బియ్యం డబ్బా వెనక దాస్తాను. దాచేది ఆయన పరువో, నా పరువో ఇప్పటికీ తేలలేదు.

ఈ వేసవిలో ఆయనకి కింది ఇల్లు బాగుచేయించాలని బుద్ధిపుట్టింది. నేల మెరక చేయించాలి, పాత గోడలు తీయించాలి. ముందు ఆయనకి ఆఫీసు గది, అందులో ఏసీ, ఎరువుల కొట్టుకొచ్చే డీలర్లు కూర్చోడానికి సోఫాలు. దాని పక్కన హాలు, వెనక వంటిల్లు. ఆయన చెబుతుంటే అట్లు వేసి పైకి మోస్తూ వింటున్నాను. పళ్ళెంలో పచ్చడి వడ్డిస్తూ, ఏదో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగాను. "నాకో చిన్న గది వస్తుందేమో చూడకూడదాండీ?"

"ఇల్లంతా నీదే కదే. మళ్ళీ గదెందుకు?" అన్నారు.

"ఆడదానికి గదేంటమ్మా, విడ్డూరం కాకపోతే! మేం పొయ్యి పక్కనే కొంగు పరుచుకుని పడుకునేవాళ్ళం" అన్నారు అత్తగారు. ఆవిడ కూర్చున్న పరుపు మొన్ననే రాజమండ్రి నుంచి తెచ్చింది.

నిజమే, ఇల్లంతా నాదే. అందుకే ఇల్లంతా తుడుస్తున్నాను.

పని ఒప్పుకున్న కాంట్రాక్టరు పల్లంరాజుగారిది మొగల్తూరు. పల్లమైపోయిన ఇళ్ళు మెరక చేయడంలో పేరున్న మనిషి. గొంతు పెద్దది. ఆయన ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు నేను చాప తీయడం మర్చిపోయాను. మెట్ల కిందకి వంగి చూశారు. చాప, తలగడ, దువ్వెన, పగిలిన అద్దం, నా థైరాయిడ్ మాత్రలు, మోకాళ్ళకి రాసుకునే మందు అన్నీ అక్కడే ఉన్నాయి. అప్పుడే నేను టీ పట్టుకెళ్ళాను. ఒంటి మీద పాత నైటీ, భుజాన తువ్వాలు.

గ్లాసు అందుకుంటూ ఆయన నాతో అన్నారు. "ఏమ్మా, రేపటికల్లా నీ సామాను ఇక్కణ్ణుంచి తీసేసుకో. ఇక్కడ ఇన్వర్టరు పెడతాం." మావారి వైపు తిరిగి, "పనావిణ్ణి ఇంట్లోనే పెట్టేసుకున్నారన్నమాట. మంచి పని చేశారండి. ఈ రోజుల్లో నమ్మకంగా ఉండేవాళ్ళు దొరకటం కష్టమండి బాబూ" అన్నారు.

నేను మావారి మొహం వైపు చూశాను. ఒక్క ముక్క చాలు. మా ఆవిడండీ అంటే చాలు. ఆయన టీ చప్పరించారు. "ఆవిడ సంగతి నేను చూసుకుంటాలెండి. మీరు గోడలకి ముగ్గు పోసేయండి" అన్నారు.

అది కాదు నన్ను కాల్చింది. ఆ వెంటనే నా నోట్లోంచి వచ్చిన మాట. "అలాగేనండీ" అన్నాను. ఖాళీ గ్లాసులు కూడా తీసుకుని వెళ్ళాను. కడిగి బోర్లించాను.

పల్లంరాజుగారు వెళ్ళాక మావారిని అడిగితే, "అప్పటికప్పుడు నా పెళ్ళానివని చెబితే నా పరువేం కాను? పెళ్ళాన్ని మెట్ల కింద పడుకోబెట్టాడనుకోడూ?" అన్నారు. పడుకోబెట్టడానికి లేని సిగ్గు, చెప్పడానికి వచ్చింది. అత్తగారు పైనుంచే అందుకున్నారు. "ఆ అవతారంలో తిరిగితే ఎవరైనా అలాగే అనుకుంటారు. చీర కట్టుకుని ఏడవచ్చుగా!"

కొత్త గోడలు ఎక్కడ రావాలో పల్లంరాజుగారు ఆ రోజే గచ్చు మీద ముగ్గుతో గీతలు పోసి వెళ్ళారు. "ముగ్గు ఎక్కడుంటే గోడ అక్కడే లేస్తుందండి. మా కూలోళ్ళకి నోటిమాట చెప్పను. మార్చుకుంటే ఇప్పుడే మార్చుకోవాలి" అన్నది ఆయన మాట. ఆయన వెళ్ళాక ఆ గీతల మధ్య తిరిగాను. ఆఫీసు గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి. ఇన్వర్టరుకి కూడా ఒక గూడు ఉంది.

మర్నాడు పొద్దున్నే కళ్ళాపి చల్లి వాకిట్లో ముగ్గేశాను. ఇన్నేళ్ళుగా వేస్తున్న చెయ్యే. గిన్నెలో ఇంకా పిండి మిగిలింది. దాంతో లోపలికి వచ్చాను. ఆఫీసు గది మూల, కిటికీకి దూరంగా, నాలుగు వైపులా గీత లాగేశాను. చేతులు కడుక్కుని మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను.

కూలీలతో వచ్చిన పల్లంరాజుగారు నడుం మీద చెయ్యేసుకుని నిలబడిపోయారు. "ఇదేంటండీ బాబుగారూ? ఇది నేను పోసింది కాదే! ఇక్కడ కోళ్ళగూడు గానీ కట్టమంటారా ఏంటి?"

కూలీలు నవ్వారు. అప్పుడే దిగొచ్చిన మావారూ నవ్వారు. గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోంచి నేనూ ఆ గీతల వైపు చూశాను. ఆ కొలత నాకు తెలుసు. చాప కొలత. ఎవరూ చెప్పకుండా, ఎవరూ అడ్డుపడకుండా, నా అంతట నేను, నా సొంత చేత్తో చాపంత చోటే గీసుకున్నాను. ఆయన నన్ను కింద పడుకోమన్నారు గానీ, ఇంతే కొలతలో ఉండమని నాకు చెప్పిందెవరు?

గరిటె పక్కన పెట్టి వచ్చాను.

"అది నేను గీసిందండీ రాజుగారూ. నిన్న సామాను తీసేసుకోమన్నారే, ఆ మెట్ల కింద పడుకునేది పనావిడ కాదండి. నేనే. నా పేరు వెంకటదుర్గ. ఈయన భార్యని."

కూలీల నవ్వు ఆగిపోయింది. పల్లంరాజుగారు మెడమీది కండువా తీసి చేతిలో పట్టుకున్నారు. "అమ్మా... తెలీక నువ్వనేశానండి..."

"నువ్వు లోపలికెళ్ళు. టిఫిను చూడు" అన్నారు మావారు, నా వైపు చూడకుండా. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నాళ్ళూ నేను ఒక్కదాన్నే మోసిన సిగ్గు ఆయన మొహం మీదికి ఎక్కుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత చాపంత గీతని పాదంతో చెరిపేశాను. నేనే తుడుచుకునే గచ్చు, ఎలా చెరిపితే పోతుందో నాకు తెలుసు. ముగ్గు గిన్నె తెచ్చి వంగి గోడ దగ్గర మొదలుపెట్టాను. ఆఫీసు గది మధ్యలోంచి, సోఫాలు వేస్తామన్న చోటు మీదుగా, వీధి వెలుగు పడే కిటికీ దాకా పోసుకుంటూ వెళ్ళి అక్కడ లేచాను.

"ఇలా వస్తే మంచం పట్టుద్దా రాజుగారూ?"

ఆయన మావారి వైపు చూశారు. మావారు నేల చూపు వదల్లేదు. కూలీలందరూ ఆయన్నే చూస్తున్నారు. కాదని అనాలంటే ఎందుకు కాదో వాళ్ళందరి ముందూ చెప్పాలి.

"ఆయ్, మంచం పట్టుద్దండి. బీరువా కూడా పట్టుద్దండి అమ్మగారూ." పల్లంరాజుగారు గొంతు సవరించుకున్నారు. "తలుపెటు పెట్టమంటారు?"

"ఎటైనా పెట్టండి" అన్నాను. "గడియ మాత్రం లోపలి వైపు పెట్టండి."