ఉప్పునీళ్లలో చెయ్యి

ఫూల్‌సింగ్ కరెంటుకు తప్ప ఇంక దేనికీ భయపడడు. ముప్పై ఏళ్లకు పైగా లైన్‌మన్‌గా చేసినవాడు. తనతోపాటు పనిచేసిన కాటయ్య, కరెంటు ఆపి లైన్ క్లియర్ ఇచ్చారన్న నమ్మకంతో స్తంభమెక్కి, తీగ పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ప్రాణం వదలడం కళ్లారా చూశాడు. అందుకే రిటైరయ్యాక మిర్యాలగూడ ఇంట్లో సముద్రపు చేపల తొట్టి పెట్టుకున్నప్పుడు, చేపలకంటే ముందు, షాక్ కొడితే కరెంటు దానంతటదే ఆగిపోయే ట్రిప్ స్విచ్ కొన్నాడు.

ఆ కోరిక పాతది. ఒకసారి తుపానుకు కూలిన స్తంభాలు నిలబెట్టడానికి కోస్తాకు పంపినప్పుడు, బస దొరికిన ఇంటి వరండాలో అలాంటి తొట్టి చూశాడు. ఊరంతా చీకటైపోయి ఉంటే, ఆ ఇంటాయన పాత బ్యాటరీ తగిలించి చేపలకు గాలి ఆడిస్తూ కూర్చున్నాడు. ఫూల్‌సింగ్ కూడా ఆయన పక్కనే కూర్చుండిపోయాడు.

తనది రెండడుగుల తొట్టి. కోదాడ హైవే మీద చేపల దుకాణం నడిపే హరీష్ దగ్గర రాళ్లు, ఉప్పు పొడి, నారింజ రంగు ఒంటి మీద తెల్లపట్టీలున్న రెండు చేపలు తెచ్చాడు.

"తాగే నీళ్లల్ల ఉప్పు కలిపి చేపల్ని సాదుడేందయ్యా" అని నవ్వింది భార్య జమ్లీ. నెల తిరక్కుండానే ఆ తొట్టి ఆమెదైపోయింది. రాళ్ల మీద పాచి రుద్దేది ఆమే, అద్దం తుడిచేది ఆమే. చిన్న చేప ఆమె వేళ్ల దగ్గరికొచ్చి పొడుస్తుంటే చంటిపిల్లతో మాట్లాడినట్టు దాంతో మాట్లాడేది.

ఆమె చేతులు ఊరికే ఉండే చేతులు కావు. తండాలో తల్లి నేర్పిన అద్దాల కుట్టు ఆమెకు ఊపిరి. పెళ్లి రవికలు కుట్టించుకోవడానికి దామరచర్ల అవతలి తండాల నుంచి కూడా ఆడవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. వేళ్లకు సూది గుచ్చుకోవడం ఆమెకు ఒక లెక్క కాదు.

తొట్టిలో చెయ్యి పెట్టేటప్పుడు మాత్రం భర్త మాట దాటేది కాదు.

"లైన్ క్లియరేనా?" అని అడిగేది.

మోటారు, హీటరు అన్నీ ఆపి, ఒకటికి రెండుసార్లు చూసుకుని, "క్లియర్. పెట్టు" అనేవాడు ఫూల్‌సింగ్.

వానాకాలంలో ఆమె కుడిచేతి నడిమివేలు కణుపు దగ్గర చిన్న గడ్డ లేచింది.

"ఇదేంది, వేలు వాచింది?"

"సూది గుచ్చుకున్న కాడ. అదే పోతది తీ."

పోలేదు. మందుల షాపులో మలాం తెచ్చి రాశారు. వేలు మడత పడకపోయేసరికి ఒక ప్రైవేటు దవాఖానకు వెళితే, కీళ్లవాతమని వేలి కణుపులోకే సూదిమందు ఇచ్చారు. కొన్నాళ్లు హాయిగా ఉంది. ఆ తర్వాత వాపు రెట్టింపైంది. గడ్డలు మణికట్టు దాటి మోచేతి వైపు వరసగా పాకాయి. ఇంకో డాక్టరు, ఇంకో మందు. ఈ తిరుగుడంతటిలోనూ ఆమె తొట్టి శుభ్రం చేయడం మానలేదు. ఫూల్‌సింగ్ స్విచ్‌లు ఆపి, పెట్టు అనడమూ మానలేదు.

దసరాకు సూర్యాపేట నుంచి కూతురు సునీత వచ్చింది. తల్లి చెయ్యి చూసి, వెళ్లేటప్పుడు ఇద్దరినీ వెంటబెట్టుకుని పోయింది. అక్కడ చర్మం డాక్టరు పూర్ణిమ ఆ గడ్డల వరసను వేలితో తాకుతూ మోచేతి దాకా పోయి ఆగింది.

"ఇంట్లో చేపలున్నాయా అమ్మా?"

జమ్లీ భర్త వైపు చూసింది. "ఉన్నయి" అన్నాడాయన.

"నీళ్లల్లో చెయ్యి పెట్టేదెవరు?"

"ఇద్దరం పెడ్తం" అంది జమ్లీ చప్పున.

డాక్టరు ఫూల్‌సింగ్ చేతులు తిప్పి చూసింది. వాటికేమీ లేదు. అతను తల వంచుకున్నాడు.

"ఇది క్షయ జాతి క్రిమే. మనిషి నుంచి మనిషికి అంటదు. చేపల నీళ్లలో, రాళ్ల మీద ఉంటది. చిన్న గాయం దొరికితే లోపలికి పోతది. ముక్క తీసి పరీక్షకు పంపుదాం. కణుపులో వేసిన మందుతో ఇంకా ముదిరినట్టుంది" అని చెప్పి, "రబ్బరు గ్లౌజులు వేసుకుంటే వచ్చేది కాదు" అంది.

గ్లౌజులు లేకుండా జన్మలో తీగ ముట్టుకోని మనిషి ఆ మాట విని గోడకు ఆనుకున్నాడు. ఎటునుంచి వస్తుందో తెలిసిన చావుకు అడ్డంగా నిలబడ్డాడు. పక్కన నీళ్లలో ఉన్నదాని గురించి ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు.

పరీక్షలో డాక్టరు చెప్పిందే తేలింది. నెలల తరబడి బిళ్లలు మింగితే చెయ్యి దక్కింది గానీ, నడిమివేలు ఎముక దాకా పాడైంది. దాన్ని మొదలంటా తీసేశారు. పక్క వేళ్లు బిగుసుకుపోయాయి, సూది పట్టలేవు.

జమ్లీ ఏడవలేదు. ఇంటికొచ్చాక, కుట్టడానికి ఇచ్చిన గుడ్డలు ఎవరివి వాళ్లను పిలిచి ఇచ్చేసింది. "ఇగ నాతోని కాదు బిడ్డా" అని ఒకే మాట అందరికీ చెప్పింది.

ఫూల్‌సింగ్ ఒకరోజు పెరట్లోంచి గడ్డపార తీసుకొచ్చి తొట్టి ముందు నిలబడ్డాడు.

"ఏం జేస్తవు దాంతోని?"

"పలగ్గొడ్త."

"చేపలేం జేసినయి? యాడ తెచ్చినవో ఆడనే ఇచ్చిరా పో."

ఇప్పుడు గ్లౌజులు తొడుక్కున్నాడు. చేపల్ని నీళ్ల సంచిలోకి దించి, కోదాడ బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. హరీష్ సంగతంతా విని సంచి అందుకోవడం మరిచిపోయి, తన రెండు చేతులూ వెలుతురులో పట్టి చూసుకున్నాడు.

"ఇన్నేళ్లుగా ఉత్త చేతులే పెడుతున్నాను బాబాయ్ గారూ. నాకూ ఎవరూ చెప్పలేదండీ" అన్నాడు.

తొట్టి ఉన్న చోటు ఖాళీ అయింది. జమ్లీ ఆ ఊసెత్తేది కాదు. ఎండాకాలంలో ఏదో పెళ్లికని కోదాడ వెళ్లిన ఫూల్‌సింగ్ తిరిగొచ్చేసరికి ఆమె చాటలో బియ్యం పోసుకుని ఎడమచేత్తో రాళ్లు ఏరుతోంది.

"దుకాణం దిక్కు పోయినవా?"

"పోయిన."

"బాగున్నయా?"

బాగున్నాయని చెబుదామనే దారిపొడుగునా అనుకుంటూ వచ్చాడు. తీరా ఆమె ముఖం చూశాక నోరు రాలేదు.

"ఒకటి సచ్చిపోయిందట."

"ఏది?"

"చిన్నది."

ఆమె చెయ్యి బియ్యంలో ఆగిపోయింది. ఆపరేషన్ గది ముందు కూడా కన్నీరు పెట్టని మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఫూల్‌సింగ్ చాట పక్కకు జరిపి, కింద ఆమె పక్కన కూర్చున్నాడు. ఊరుకోమని అనలేదు.