వెండెల్ మేస్టారి పలక

నేను ఒక పలకను. బడిపిల్లలు దిద్దే నల్లపలకను కాదు, తెల్లగా నున్నగా ఉండే పలకను. నా ఒంటి మీద బాస్కెట్‌బాల్ కోర్టు గీతలు అచ్చువేసి ఉంటాయి. ఆట మధ్య విరామంలో కోచ్ నా మీద మార్కర్‌తో సున్నాలు, బాణాలు గీసి, ఎవరు ఎటు పరుగెత్తాలో చూపిస్తాడు. ఆ తర్వాత చెరిపేస్తాడు. నా మీద పుట్టిన గొప్ప ఆలోచనల్లో నిమిషానికి మించి బతికింది ఒక్కటీ లేదు. అయినా నా గర్వానికి లోటేమీ రాలేదు.

నేను పుట్టింది అమెరికాలో, ఇండియానాలోని ఒక చిన్న కార్ఖానాలో. నాతోపాటు కోసిన పలకల్లో గీతలు పడనివి హోటళ్లకు చేరి, ఈపూట సూపేమిటో చెప్పుకుంటూ బతికాయి. నన్ను వెండెల్ క్రౌచ్ అనే మనిషి కొన్నాడు. అప్పుడాయనకు ముప్పై ఒక్కటి. ఒక హైస్కూలు జట్టుకు కోచ్‌గా కొత్తగా కుదిరాడు. మనిషి ఆరడుగుల నాలుగంగుళాలు, మాట మాత్రం అంగుళం కూడా బయటికి రాదు. చెప్పాల్సిందంతా నా మీదే గీసేవాడు. తుడవడానికి గుడ్డ వెతుక్కునే ఓపిక లేక చొక్కా చేతితో తుడిచేవాడు. ఆయన చొక్కాలన్నిటికీ కుడిచెయ్యి నల్లగా ఉండేది.

మూడేళ్లకు అక్కడ ఉద్వాసన చెప్పారు. అక్కడినుంచి మా దేశాటన మొదలైంది. ఐస్‌లాండ్‌లో గొర్రెల్ని కొండల మీంచి దింపే వారం వస్తే ప్రాక్టీసుకు ఒక్క ఆటగాడూ వచ్చేవాడు కాదు. వెండెల్ ఖాళీ కోర్టులో నిలబడి నా మీద బాణాలు గీసుకునేవాడు. ఫిలిప్పీన్స్‌లో ఏ సందులోకి వెళ్లినా గోడకో రింగు, దాని కింద చెప్పులేసుకుని ఎగిరే జనం. లిథువేనియాలో సంతలో పుట్టగొడుగులు అమ్మే ముసలావిడ, పోయిన ఆదివారం మీ జట్టు ఎడమవైపు ఎందుకు ఖాళీగా వదిలేసిందని ఆయన్ని నిలదీసింది. ఆయన నన్ను సంచిలోంచి తీసి అక్కడే బొమ్మ గీయబోయాడు. ఆవిడ వినలేదు.

ఆ ఊళ్లోనే ఒక పాత ఆటగాడు అన్నాడు: "మీ పలక బాగా ఆడుతోంది కోచ్. మాకే ఆట రావడం లేదు." నేను దాన్ని పొగడ్త అనుకుని పొంగిపోయాను. అది ఎత్తిపొడుపని తెలుసుకోవడానికి నేను విశాఖపట్నం దాకా రావలసి వచ్చింది.

విశాఖకు వచ్చేసరికి ఆయనకు యాభై ఏడేళ్లు. అక్కడి ఉత్తరతీరం క్లబ్బు ఆడపిల్లల జట్టుకు ఆయన్ని కుదుర్చుకుంది. కమిటీ పెద్దలు మొదటి రోజే సంగతి తేల్చి చెప్పారు. ఈ ఏడు లీగ్ ఫైనల్‌కు చేరకపోతే జట్టు ఉండదు, ఆడుకునే హాలును ఫంక్షన్ హాలు చేసేస్తారు. పెళ్లిమండపం ఎక్కడ వెయ్యాలో చూసుకోవడానికి టేపు పట్టుకుని ఎవరో వచ్చి కోర్టు కొలిచి వెళ్లారు కూడా. జట్టు కెప్టెన్ మైలపల్లి నూకరత్నం, జాలారిపేట పిల్ల. తొమ్మిదో ఏటి నుంచీ ఆ హాల్లోనే పెరిగింది. ఆ టేపు ముడిచేదాకా గుడ్లప్పగించి చూస్తూ నిలబడింది.

ఎలాగో సెమీఫైనల్‌కు చేరాం. అది సరిగ్గా దసరా రోజున పడింది. ముందురోజు అమ్మాయిలు హాల్లో ఆయుధపూజ చేశారు. బంతులు, బూట్లు, ఈల, వాటి మధ్యలో నేను. ఇన్ని దేశాలు తిరిగాను, నాకు దణ్ణం పెట్టినవాళ్లు ఎక్కడా లేరు. నా నున్నటి ఒంటికి పొడి పసుపు అంటడం లేదని నూకరత్నం కొబ్బరినూనెలో కలిపి మరీ పట్టించింది. మధ్యలో రూపాయంత కుంకుమ బొట్టు. నేను మురిసిపోయాను. వెండెల్ కూడా మురిసిపోయి, తుడిస్తే బాగుండదని నన్ను అలాగే మ్యాచ్‌కు తీసుకువెళ్లాడు.

మొదటి విరామంలోనే కొంప మునిగింది. నూనె మీద మార్కర్ జారిపోయింది. చేత్తో తుడిస్తే నా మీది కోర్టు గీతలన్నీ పసుపయ్యాయి. మేనేజరు సన్యాసిరావు పరుగున కాగితం తెచ్చాడు గానీ, మార్కర్ ములుకుకు నూనె ఎక్కి అది కాగితం మీదా రాయనంది. వెండెల్ గాలిలో వేలితో బాణాలు గీశాడు, ఎవరికీ అర్థం కాలేదు. నాలుగు భాగాల ఆటలో మూడోది ముగిసేసరికి తొమ్మిది పాయింట్లు వెనకబడ్డాం.

"నావల్లే మేస్టారూ," నూకరత్నం ఏడుపు గొంతుతో అంది. "పొడి నిలబడట్లేదని నూనె కలిపీసినాను."

వెండెల్ బెంచీ మీద కూలబడ్డాడు. నన్ను పక్కన బోర్లా పెట్టాడు. ఆయన నెమ్మదిగా అడిగిన మాటను సన్యాసిరావు తెలుగులో చెప్పాడు: "అది ఒగ్గెయ్యమ్మా. కోర్టులో మేస్టారికి కనపడనిదేటైనా నీకు కనపడతందా అని అడుగుతన్నారు."

ఆ ప్రశ్న ఆయన ఎవరినైనా అడగడం అదే మొదటిసారి.

నూకరత్నం కళ్లు తుడుచుకుంది. "అవతలోలు కుడిపక్క నుంచే వత్తన్నారండి. మనం ఎదురెల్లి ఆపుతుంటే పక్క నుండి జారిపోతన్నారు. మా నాన్న వల లాగినట్టు సేద్దాం. ముందు లోనికి రానిద్దాం. అప్పుడు రెండు పక్కల నుండీ దగ్గరికొచ్చి మూసీద్దాం."

ఇంకో పిల్ల అందుకుంది. మరో పిల్ల కాదంది. ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. వెండెల్ ఒక్కొక్కరి మొహం వైపే చూస్తూ ఉండిపోయాడు.

చివరి పది నిమిషాల ఆట నేను చూడలేదు, బోర్లా పడి విన్నాను. బూట్ల కీచు, "మూసీ! మూసీ!" అన్న నూకరత్నం కేక, ఆఖర్న సన్యాసిరావు గావుకేక. రెండు పాయింట్లతో గెలిచాం. ఫైనల్‌కు చేరాం, హాలు దక్కింది. నేను లేకుండానే గెలిచారని నాకు కడుపుమంట. ఆ పిల్లలు ఒకరినొకరు వాటేసుకుని ఏడుస్తుంటే, మంటతోపాటే సంతోషమూ కలిగింది. రెండూ నిజమే.

మర్నాడు ప్రాక్టీసుకు వెండెల్ నన్ను సబ్బుతో కడిగి తెచ్చాడు. నూనె వదిలింది, పసుపు వదల్లేదు. కొత్త మార్కర్‌తో సహా నన్ను నూకరత్నం చేతిలో పెట్టాడు.

"ఇదేటి మేస్టారూ? నానేటి గియ్యను?"

ఆయన వెళ్లి అమ్మాయిల మధ్య, అంత పొడుగు కాళ్లూ మడుచుకుని నేల మీద కూర్చున్నాడు. దారి పొడవునా సన్యాసిరావు దగ్గర వల్లెవేసిన ఒకే ఒక్క తెలుగు మాట, వంకర టింకరగా పలికాడు.

"చెప్పమ్మా."